చిత్రకూటము చెప్పిన పాఠము



కార్తిక మాసమున ఉసిరిచెట్టు నీడను కూర్చుని భగవత్కథను వినుట మన పెద్దలు ఏర్పరచిన ఆచారము. ఆ చెట్టు క్రింద కూర్చున్నాము గనుక, ఆ చెట్టునకును మన మనస్సునకును గల సంబంధమునే ఈనాడు విచారించుకొందము.

మనలో ప్రతి ఒక్కరికి అనుభవములో ఉన్న విషయమొకటి కలదు. ఇంటిలో నాలుగు గోడల నడుమ ఎంత ప్రయత్నించినను నిలువని మనస్సు, ఏటి ఒడ్డున ఒక గడియ కూర్చున్నచో దానంతట అదియే నిలుచును. ఇది ఎందువలన జరుగుచున్నది? ఆ నీటికి మన కష్టము తెలియదు. ఆ చెట్టు మన అప్పు తీర్చదు, మన బిడ్డకు సంబంధము కుదుర్చదు. ఇంటినుండి ఏ సమస్యతో బయలుదేరితిమో, తిరిగి వచ్చునప్పటికి ఆ సమస్య అట్లే వాకిట నిలిచి ఉండును. మరి మనస్సు ఎందుకు తేలికపడినది?

ఈ ప్రశ్నకు సమాధానము వాల్మీకి మహర్షి రామాయణమునందు కలదు. అయితే అది మూడు చోట్ల ఉన్నది. మూడింటిని కలిపి చూచినప్పుడే సమాధానము పూర్తి అగును. మొదటిది శ్రీరాముడు చిత్రకూటమున నివసించిన ఘట్టము. రెండవది పంపాతీరమున ఆయన విలపించిన ఘట్టము. మూడవది చిత్రకూటమును విడిచిపోయిన ఘట్టము. కథాక్రమములో పంప చివరిదే అయినను, మన విచారణకు ఈ వరుస అనుకూలము.

చిత్రకూటమున శ్రీరాముడు

శ్రీరాముని స్థితిని ఒక్కసారి భావించుడు. తెల్లవారినచో పట్టాభిషేకము అనుకొన్న రాజ్యము చేజారినది. కన్నతల్లి, ఆప్తులు, పౌరులు దూరమైనారు. తండ్రి మరణవార్త ఇంకను ఆయనకు చేరలేదు. నారచీరలు ధరించి, సీతతోను లక్ష్మణునితోను మందాకినీ తీరమున చిత్రకూటమునకు వచ్చినాడు. ఈనాడు ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్ రాష్ట్రముల సరిహద్దున యాత్రికులు దర్శించు చిత్రకూటము అదియే.

అయోధ్యాకాండమున ఆయన సీతాదేవికి ఆ పర్వతమును చూపుచు మాట్లాడిన మాటలు ఉన్నవి. ధాతువుల చేత పలు రంగులుగా మెరయు శిఖరములను చూపినాడు. మామిడి, నేరేడు, పనస మొదలైన వృక్షముల పేర్లు ఒక్కొక్కటిగా చెప్పినాడు. పూలమీదుగా వచ్చు గాలిని గురించి చెప్పినాడు. చెప్పుచు చెప్పుచు, ఈ రమ్యమైన కొండను చూచుచుండగా రాజ్యము పోయినదన్న బాధ గాని, మిత్రులకు దూరమైతినన్న బాధ గాని నా మనస్సును పీడించుట లేదు అన్నాడు. రాజ్యము పోలేదని ఆయన అనలేదు. మరచితిననియు అనలేదు. పోయినది, కాని ఆ పోవుట మనస్సును పీడించుట లేదు అన్నాడు. ఈ భేదమును మనము గుర్తించవలెను.

ఆ తరువాతి సర్గలో మందాకినిని చూపుచు మరింత లోతైన మాట చెప్పినాడు. ఇచటి మృగములను పౌరజనులనుగాను, ఈ కొండను అయోధ్యగాను, ఈ నదిని సరయువుగాను భావింపుమని సీతకు చెప్పినాడు. నీతో కూడి ఇచ్చట ముప్పొద్దుల స్నానము చేయుచు, తేనెయు కందమూల ఫలములును తినుచుండగా నాకు అయోధ్యయందు గాని రాజ్యమునందు గాని కోరిక లేదు అని కూడ అన్నాడు. ఆయన అడవిని దృశ్యముగా చూడలేదు, బంధువుగా చూచినాడు. పోయిన ఊరు, పోయిన నది, పోయిన జనము ఆయనకు అచ్చట మరల దొరకినవి. మనస్సునకు విశ్రాంతి లభించుటకు ఆ బాంధవ్యమే మూలము.

ఇప్పటి పరిశోధనలు చెప్పునది

ఋషుల అనుభవమునకు శాస్త్రజ్ఞుల సాక్ష్యము అవసరము లేదని కొందరు అందురు. అవసరము లేకపోవచ్చును గాని, ఒకే సత్యమును రెండు త్రోవలలో చేరినప్పుడు వినుట మంచిది.

1984లో అమెరికా దేశమున రోజర్ ఉల్రిచ్ అను పరిశోధకుడు ఒక చిన్న పరిశీలనను ప్రకటించినాడు. పెన్సిల్వేనియా రాష్ట్రములోని ఒక ఆసుపత్రిలో 1972 నుండి 1981 వరకు పిత్తాశయమునకు శస్త్రచికిత్స జరిగిన 46 మంది రోగుల రికార్డులను ఆయన పరిశీలించినాడు. వారిలో సగము మంది మంచముల ప్రక్క కిటికీనుండి చూచినచో చెట్లు కనబడును. మిగిలిన సగము మందికి ఒక ఇటుక గోడ కనబడును. వైద్యము ఒక్కటే, వ్యాధి ఒక్కటే. చెట్లు కనబడినవారు సగటున సుమారు ఒక దినము ముందుగా ఇంటికి పోయినారు. నొప్పి తగ్గుటకు ఇచ్చు బలమైన మందులు వారికి తక్కువగా అవసరమైనవి. రోగి దిగులుగా ఉన్నాడని నర్సులు వ్రాసికొనిన మాటలు కూడ వారి విషయమున తక్కువ.

1989లో రేచల్ కప్లన్, స్టీఫెన్ కప్లన్ అను దంపతులు దీనికి ఒక వివరణను గ్రంథరూపమున అందించినారు. మన శ్రద్ధ రెండు విధములుగా పనిచేయును. లెక్క చూచునప్పుడు, రద్దీ రోడ్డును దాటునప్పుడు, మనము బలవంతముగా మనస్సును ఒక విషయముమీద నిలుపుచున్నాము. ఇది అలసిపోవు శ్రద్ధ. ఇది అలసినప్పుడే విసుగు, కోపము, మతిమరపు కలుగును. మబ్బు కదలికను, ఆకుల గలగలను, అలల రాకపోకలను చూచునప్పుడు మనస్సు తనంతట తాను వాటిమీద వాలును. అచ్చట బలవంతము లేదు. ఆ సమయమున అలసిన శ్రద్ధకు విశ్రాంతి లభించును. పొలము దున్ని వచ్చిన ఎద్దును కాడినుండి విప్పి మేతకు వదలినట్లన్నమాట.

2015లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు కొందరిని చెట్లు, గడ్డి ఉన్న ప్రదేశమున 90 నిమిషములు నడిపించినారు. మరికొందరిని వాహనములు తిరుగు రోడ్డు ప్రక్క అంతే సేపు నడిపించినారు. చెట్ల మధ్య నడచినవారిలో, తన కష్టమునే మరల మరల నెమరువేసికొను గుణము తగ్గినది. మెదడులో ఆ గుణమునకు సంబంధించిన భాగమునందు కూడ చురుకుదనము తగ్గినట్లు కనబడినది. రోడ్డు ప్రక్క నడచినవారిలో ఆ మార్పు లేదు. 2019లో ఇంగ్లాండులో సుమారు 20,000 మంది సమాచారమును పరిశీలించి, వారమునకు 120 నిమిషములైనను ప్రకృతిలో గడపువారు తమ ఆరోగ్యము బాగున్నదని ఎక్కువగా చెప్పుచున్నారని ప్రకటించినారు. ప్రకృతిలో తిరుగుట వలననే ఆరోగ్యము కలిగినదా, ఆరోగ్యము ఉన్నవారే ఎక్కువగా తిరుగుచున్నారా అన్న సందేహమునకు ఇటువంటి లెక్కలు పూర్తి సమాధానము చెప్పజాలవు. కాని దిక్కు మాత్రము చూపుచున్నవి.

ఈ నెమరువేతకే మనము చింత అని పేరు పెట్టుకొన్నాము. చితి శవమును కాల్చును, చింత బ్రతికియున్నవానిని కాల్చును అని పెద్దల మాట. చింతకు ఉన్న స్వభావమేమనగా, అది ఎల్లప్పుడు “నేను” చుట్టు తిరుగును. నాకు అన్యాయము జరిగినది, నన్ను అవమానించినారు, నా బిడ్డలు నన్ను చూచుట లేదు. గానుగెద్దు వలె అదే వలయము. చెట్టును చూచు క్షణమున ఆ వలయమునందు “నేను” అన్న కట్టుగొయ్య కొంచెము వదులగును. అందువలననే శ్వేతాశ్వతరోపనిషత్తు రెండవ అధ్యాయమున ధ్యానమునకు స్థలమును చెప్పునప్పుడు, నేల సమముగాను శుచిగాను ఉండవలెను, గులకరాళ్లు, నిప్పు, ఇసుక లేకుండవలెను, నీటి సవ్వడి మొదలైనవి మనస్సునకు అనుకూలముగా ఉండవలెను, కంటికి బాధ కలిగింపరాదు అని వివరించినది. మనస్సును నిలుపుమని చెప్పుటకు ముందు, మనస్సు నిలుచు చోటును చూచుకొనుమని ఉపనిషత్తు చెప్పినది. చోటు ముఖ్యము కాదు, మనస్సే ముఖ్యము అని తేలికగా అనువారు ఈ క్రమమును గమనించవలెను.

ఈనాడు మన పిల్లల చదువుల గదులను చూడుడు. కిటికీ తెరచినచో ఎదుట మరొక భవనపు గోడ. ఆటస్థలము లేదు, చెట్టు లేదు, తెల్లవారినది మొదలు రాత్రి వరకు పుస్తకము, అది మూసినచో ఫోను. ఉల్రిచ్ ఆసుపత్రిలో చూచిన ఇటుక గోడ మన పిల్లల ముందరకు వచ్చి నిలిచినది. వారికి ఏకాగ్రత లేదని మనము కోపపడుచున్నాము. కాడి విప్పకుండ దున్నించు ఎద్దును సోమరి అని కొట్టుట ఎటువంటిదో ఆలోచించుడు.

పంపాతీరమున విలాపము

ఇంతవరకు చెప్పినదానిని బట్టి, దుఃఖము కలిగినవాడు అడవికి పోయినచో చాలును అనుకొనరాదు. వాల్మీకి అట్లు చెప్పలేదు. అందుకే రెండవ ఘట్టము.

కిష్కింధాకాండము పంపాసరోవర వర్ణనముతో ప్రారంభమగును. కర్ణాటకమున హంపీకి సమీపమున ఆనెగొంది ప్రాంతములో ఆ సరోవరమును ఈనాటికిని చూపుచున్నారు. అది వసంతకాలము. చెట్లన్నియు పూచి ఉన్నవి, కోయిలలు కూయుచున్నవి, గాలి చల్లగా వీచుచున్నది. చిత్రకూటమునందు ఉన్న అందము ఇచ్చట లేకపోలేదు. చూచుచున్నవాడును ఆ శ్రీరాముడే. కాని సీత ప్రక్కన లేదు. చిత్రకూటమున శాంతినిచ్చిన ఆ పూలు, ఆ గాలి, ఇచ్చట నిప్పువలె కాల్చుచున్నవి. ఆడనెమలితో కూడియున్న మగనెమలిని చూచి, దీని ప్రియురాలిని రాక్షసుడు అపహరింపలేదు గదా అని శ్రీరాముడు వాపోయినాడు. సీత లేనిదే జీవింపజాలనని కూడ అన్నాడు.

చిత్రకూటమున ఆయన అన్న మాటను మరల జ్ఞాపకము చేసికొనుడు. “నీతో కూడి” అన్నాడు. అచ్చట కొండయు ఉన్నది, తోడును ఉన్నది. ఇచ్చట తోడు పోయినది. ప్రకృతి మన లోపల ఉన్నదానిని పెంచి చూపును. లోపల ప్రశాంతతకు చోటున్నచో దానిని పెంచును. లోపల గాయము పచ్చిగా ఉన్నచో ఆ గాయమును కూడ చూపును. భర్త పోయిన ఇల్లాలికి పండుగనాటి మామిడాకుల తోరణము ఎట్లుండునో మీకు తెలియనిది కాదు.

అప్పుడు శ్రీరాముని కాపాడినదెవరు? లక్ష్మణుడు. ఆయన అన్నగారిని ఓదార్చిన తీరు గమనింపదగినది. అతిగా అంటిపెట్టుకొన్న స్నేహము బాధకు కారణమగునని, నూనెలో తడిసిన వత్తి తడిగా ఉన్నను కాలిపోవునని ఉపమానము చెప్పినాడు. ఉత్సాహమే బలమని, ఉత్సాహము కలవానికి లోకమున అసాధ్యము లేదని ధైర్యము చెప్పినాడు. చేయవలసిన పనిని జ్ఞాపకము చేసినాడు. శ్రీరాముడు శోకమును దిగమ్రింగి ఋశ్యమూకము వైపు నడచినాడు. ఆ నడకయే సుగ్రీవ మైత్రికి, హనుమంతుని దర్శనమునకు దారి అయినది.

కాబట్టి మన ఇంటిలోగాని, ప్రక్క ఇంటిలోగాని ఎవరైనను గాఢమైన దుఃఖములో ఉన్నప్పుడు, గుడికి పో, తోటలో తిరుగు, అంతా సర్దుకొనును అని చెప్పి ఊరకుండుట సరికాదు. వారితో కూడ మనమును పోవలెను. లక్ష్మణుని వలె ప్రక్కన నిలువవలెను. నిద్ర, ఆహారము మానివేసి, బ్రతుకు వద్దని మాట్లాడు స్థితికి వచ్చినవారిని వైద్యుని యొద్దకు వెంటబెట్టుకొని పోవుట మన ధర్మము. జ్వరమునకు మందు తీసికొనుటలో లేని సిగ్గు మనస్సు జబ్బునకు మందు తీసికొనుటలో ఎందుకు? రావిచెట్టునకు చేయు ప్రదక్షిణము మందునకు తోడు అగును గాని, మందునకు బదులు కాదు.

చిత్రకూటమును ఎందుకు విడిచినాడు?

ఇప్పుడు మూడవ ఘట్టము. ఇది మనలో చాలమంది గమనింపక దాటిపోవునది.

అంత శాంతినిచ్చిన చిత్రకూటమును శ్రీరాముడు ఎందుకు విడిచినాడు? భరతుడు వచ్చి, పాదుకలను గైకొని, తిరిగి పోయిన తరువాత అయోధ్యాకాండము చివర వాల్మీకి దీనికి కారణములు చెప్పినాడు. అచ్చటి మునులు రాక్షసుల భయముచేత ఆ చోటు విడిచిపోయినారు. దాని వెనుక శ్రీరాముని మనస్సులో మెదలిన కారణములు రెండు. మొదటిది: ఇచ్చట భరతుని చూచితిని, తల్లులను చూచితిని, పౌరులను చూచితిని, ఆ జ్ఞాపకము నన్ను వెంటాడి బాధించుచున్నది అనుకొన్నాడు. రెండవది: భరతుని సైన్యము విడిది చేయుట వలన, గుఱ్ఱముల, ఏనుగుల పేడ వలన ఈ ప్రదేశము మిక్కిలి పాడైపోయినది అనుకొన్నాడు.

ఒకటి మనస్సు చెడిన కారణము. మరొకటి నేల చెడిన కారణము. మహర్షి ఈ రెంటిని ప్రక్కప్రక్కన ఉంచినాడు. మనస్సునకును పరిసరమునకును గల సంబంధమును ఇంతకంటె సూటిగా చెప్పుట కష్టము.

ఆ నేలను పాడుచేసినవారు శత్రువులు కారు. రావణుని సేన అచ్చటికి రాలేదు. వచ్చినవారు శ్రీరామునిమీద ప్రాణము పెట్టుకొన్న అయోధ్యావాసులు. ఆయనను ఇంటికి తీసికొనిపోవలెనని కన్నీళ్లతో వచ్చినవారు. భరతుడు అజాగ్రత్త కలవాడు కూడ కాడు. దారిలో భరద్వాజ మహర్షిని దర్శించినప్పుడు, సైన్యమును ఎందుకు దూరముగా ఉంచివచ్చితివని ముని అడిగినాడు. ఆశ్రమములోని చెట్లకు, నీటికి, నేలకు, పర్ణశాలలకు హాని కలుగునేమో అని ఒంటరిగా వచ్చితినని భరతుడు బదులు చెప్పినాడు. అంతటి జాగరూకుడు నడిపించిన జనమే అయినను, వేలమంది ఒకచోట దిగినప్పుడు ఆ చోటు పాడైనది. భక్తులే తమ స్వామి ఉన్న చోటును, స్వామికి శాంతినిచ్చిన చోటును, ఆయన ఉండలేని చోటుగా చేసినారు.

భక్తులారా, ఈ మాట మనకు చాల దగ్గరగా వచ్చుచున్నది. మన పుణ్యక్షేత్రములను ఒకసారి స్మరింపుడు. తిరుమల శేషాచలము అడవులలో ఉన్నది. శ్రీశైలము, అహోబిలము నల్లమల అడవులలో ఉన్నవి. కొండను, కోనను, తీర్థమును చూచి పెద్దలు అచ్చట స్వామిని సేవించినారు. అడవిలో నడచి స్వామి సన్నిధికి చేరునప్పటికి మనస్సు సగము శుద్ధి కావలెనని వారి ఉద్దేశము. అలిపిరినుండి మెట్లు ఎక్కువానికి ఆ నడకయే తొలి పూజ. మరి మనము అచ్చటికి పోయి ఏమి విడిచి వచ్చుచున్నాము? నీళ్లు త్రాగిన సీసాలు, తినుబండారముల సంచులు, కోనేటిలో పాత బట్టలు. తిరుమలలో 2022 జూన్ నుండి ప్లాస్టిక్ వస్తువులపై నిషేధము అమలులోనికి వచ్చినది. మంచి పని. కాని ఆ నియమమును ఎవరో పెట్టవలసివచ్చుట మనము ఆలోచింపవలసిన విషయము. భరతునికి భరద్వాజాశ్రమమున ఎవరును నిషేధము పెట్టలేదు. ఆయనకే తోచినది.

మహబూబ్‌నగర్ దగ్గర పిల్లలమర్రి అను మహావృక్షము కలదు. సుమారు 700 సంవత్సరముల వయస్సు కలదని చెప్పుదురు. చెదలు పట్టి ఒక కొమ్మ విరిగిపడగా, 2018లో ఆ చెట్టునకు రోగికి సెలైను ఎక్కించినట్లు, సీసాలతో మందును బొట్టుబొట్టుగా ఎక్కించినారు. తరతరముల వారికి నీడనిచ్చిన చెట్టు మంచమెక్కినట్లయినది. దాని క్రింద ఎందరి మనస్సులు చల్లబడినవో లెక్క లేదు. కాని చెట్టునకు జబ్బు చేసినప్పుడు చూచువారు ఉన్నారన్నది అందులోని శుభవార్త.

లోపలి విషము, బయటి విషము

లోపలి కల్మషము నీటివరకు ఎట్లు ప్రాకునో భాగవతములోని కాళియుని కథ చెప్పును. కాళియుడు యమునా మడుగులోనికి ఎందుకు వచ్చినాడు? గరుడుడు కాళియునికి శత్రువు. సౌభరి మహర్షి శాపము వలన గరుడుడు ఆ మడుగువద్దకు రాలేడు. ఆ భయముచేత కాళియుడు అచ్చట దాగినాడు. భయపడినవాడు భద్రమైన చోటు దొరకగానే గర్వించినాడు. ఆయన విషముచేత నీరు మరిగినది, మీదుగా ఎగిరిన పక్షులు పడిపోయినవి, గట్టునున్న చెట్లు మాడినవి. ఆ నీరు త్రాగి గోవులు, గోపాలురు నేలకొరిగినారు. మన సంగతియు ఇట్టిదే. రేపు ఏమగునో అన్న భయము, ఎంత కూడబెట్టినను చాలదన్న భయము, మనలో అత్యాశగా మారును. ఆ అత్యాశయే చెరువును పూడ్చి ఇల్లు కట్టును, కాలువలోనికి మురుగును వదలును.

శ్రీకృష్ణుడు కాళియుని చంపలేదు. పడగలమీద నర్తించి గర్వమును అణచినాడు. తన పాదముద్రలు నీ తలమీద ఉన్నవి గనుక గరుడుడు నిన్ను ఏమియు చేయడని అభయమిచ్చి, సముద్రమునకు పంపినాడు. భయము తొలగినచోట విషము తొలగినది, యమున మరల తియ్యని నీరైనది. భగవంతుడున్నాడన్న ధైర్యము గలవానికి ప్రకృతిని దోచుకొనవలసిన పని లేదు.

మనము చేయదగినవి

ఇంతవరకు విన్నదానిని ఆచరణలో పెట్టుటకు కొన్ని నియమములు చెప్పుకొందము. ఇవి కష్టమైనవి కావు.

మొదటిది, దినమునకు ఒక అరగంట ఒక చెట్టు దగ్గర గడపుడు. గుడిలోని రావిచెట్టు గాని, వేపచెట్టు గాని, ఇంటిముందరి తులసికోట గాని చాలును. ఆ సమయమున ఫోను దగ్గర ఉంచుకొనవద్దు. ప్రదక్షిణములు లెక్క కొరకు పరుగెత్తుచు చేయవద్దు. శ్రీకృష్ణుడు బృందావనమున తన తోటి గోపాలురకు చెట్లను చూపి, ఇవి గాలిని, వానను, ఎండను, మంచును తాము సహించి మనలను కాపాడుచున్నవి, వీటి జన్మము పరుల కొరకే అని చెప్పినట్లు భాగవతము దశమస్కంధమున కలదు. ఆ మాటను తలచుకొనుచు ఒక్క ప్రదక్షిణము నెమ్మదిగా చేసినను చాలును.

రెండవది, వినాయకచవితికి 21 పత్రములు కావలెను. ఆ 21 ఆకుల పేర్లు పిల్లలకు చెప్పి, చెట్టు దగ్గరకు తీసికొనిపోయి, కావలసినన్నియే కోయుడు. కొమ్మలు విరిచి మిగిలినవి వీధిలో పారవేయుట పూజ కాదు. విగ్రహము మట్టితోనే చేయుడు. మట్టి నీటిలో కలియును. రంగులు పూసిన ప్లాస్టర్ నీటిలో కలియదు, చెరువును పాడుచేయును.

మూడవది, కార్తిక దీపమును అరటిదొప్పలో వెలిగించి నీటిలో వదలుడు. మన పెద్దలు ఎన్నుకొన్న అరటిదొప్ప నాలుగు దినములలో మట్టిలో కలియును. వనభోజనమునకు విస్తరాకులు చాలును. భోజనమైన తరువాత ఉసిరిచెట్టు మొదట, మనము రాకముందు ఎట్లుండెనో అట్లు చేసి లేవవలెను.

నాలుగవది, తల్లిదండ్రుల పేర, లేదా దూరమైన ఆత్మీయుల పేర ఒక మొక్క నాటుడు. నాటిన దినమున చిత్రము తీయించుకొనుట సులభము. మూడు వేసవులు నీరు పోయుట వ్రతము. దుఃఖములో ఉన్నవారికి ఈ వ్రతము చాల మేలు చేయును. ఉదయము లేచి నీరు పోయవలసిన ఒక ప్రాణము ఉన్నదన్న తలపు, లేవలేని మనిషిని లేపును.

ఐదవది, తీర్థయాత్రకు బయలుదేరునప్పుడు భరతుని తలచుకొనుడు. నావలన చెట్లకు, నీటికి, నేలకు హాని కలుగుచున్నదా అని ఆయన అడిగికొన్న ప్రశ్నను మనమును అడిగికొందము. తీసికొనిపోయిన సంచిని మరల ఇంటికి తెచ్చుకొందము.

శాంతి పాఠము

యజుర్వేదమునందు ఒక శాంతిమంత్రము కలదు. పూజల చివర పండితులు పఠించుచుండగా మీరు వినియే ఉందురు. అందులో శాంతిని కోరు వరుసను గమనింపుడు. ముందు ద్యులోకమునకు శాంతి. తరువాత అంతరిక్షమునకు, భూమికి, నీటికి. ఆ తరువాత ఓషధులకు, వృక్షములకు. పిమ్మట దేవతలకు, సర్వమునకు. ఇన్నింటికి శాంతిని కోరిన తరువాత, చిట్టచివర, ఆ శాంతి నాకు కలుగుగాక అని ప్రార్థన.

మనము సాధారణముగా ఈ వరుసను తలక్రిందులు చేయుచున్నాము. ముందు నాకు శాంతి కావలెను, తరువాత వీలైనచో చెట్టు సంగతి, నీటి సంగతి చూతమనుకొనుచున్నాము. నీరు శాంతిగా లేనప్పుడు, నేల శాంతిగా లేనప్పుడు, నా ఒక్కనికి శాంతి ఎచ్చటినుండి వచ్చునని ఆ మంత్రద్రష్ట అడుగుచున్నట్లున్నది. చిత్రకూటము శాంతిగా ఉన్నన్నాళ్లు శ్రీరాముడు అచ్చట శాంతిగా ఉన్నాడు. అది పాడైనప్పుడు భగవదవతారమైన ఆయనయే లేచిపోయినాడు.

మన క్షేత్రములనుండి, మన చెరువు గట్లనుండి, మన ఇంటి ముంగిటి నుండి స్వామి అట్లు లేచిపోకుండ చూచుకొను బాధ్యత మనది. అందుకు వలసిన బుద్ధిని, శ్రద్ధను ఆ సీతారాములు మనకందరకు ప్రసాదింతురు గాక.

ఓం శాంతిః శాంతిః శాంతిః